పారిస్ వీధిలో మమ్మల్ని నిలబెట్టినవాడు

ఆయన పోయాడన్న కబురు మా పాత గదివాళ్ల ఫోను గ్రూపులో వచ్చింది. రాయచోటి దగ్గర సొంత ఊళ్లో, షుగరు ముదిరి, నిద్రలోనే పోయాడట. కింద వరసగా దణ్ణాల బొమ్మలు పెట్టారు. ఒకతను ‘మంచి మనిషి’ అని రాశాడు. కాసేపటికి అది తీసేసి ‘నిజం మాట్లాడే మనిషి’ అని పెట్టాడు. పత్రికల్లో బతికినవాణ్ని గనక ఆ దిద్దుబాటు ఎందుకు జరిగిందో నాకు వెంటనే అర్థమైంది.

పేరు రాయను. గదిలో ఎవరూ ఆయన్ని పేరుపెట్టి పిలవలేదు. వయసులో చిన్నవాళ్లూ పెద్దవాళ్లూ అందరూ ‘అన్నా’ అనేవాళ్లు. ఆయన మాత్రం మా ఎవరినీ సొంత పేరుతో పిలిచేవాడు కాదు. మాకు వేరే పేర్లు పెట్టాడు. ఆ సంగతే చెప్పబోతున్నాను.

కువైట్‌లో, ఫర్వానియా అనే పేటలో ఫోటో ఫ్రేములు కట్టే దుకాణంలో ఆయన పనిచేసేవాడు. కుడిచేతి బొటనవేలి గోరు పొడుగ్గా పెంచుకున్నాడు. జిగురు పట్టి అది నల్లబడిపోయింది. ఏ వస్తువు చేతికొచ్చినా దాని అంచు వెంబడి ఆ గోరు పోనిచ్చి చూసేవాడు. కంచం, మంచం పట్టీ, ఎదుటివాడి చొక్కా కాలరు, ఏదైనా సరే. కొత్త మనిషి గదిలో అడుగుపెడితే ఒక కన్ను మూసి చూసేవాడు, చెక్క వంకర పోయిందేమో చూసినట్టు. “కొంచెం అంచు తీస్తే సరిపోతాడు” అనేవాడు. అది ఆయన ఇచ్చే స్వాగతం.

నవ్వితే శబ్దం వచ్చేది కాదు. భుజాలు మాత్రం కదిలేవి. మా మేడమెట్ల కింద తిరిగే పిల్లులకు రోజూ చేప తలకాయలు వేసేవాడు. అవి నోరు పెట్టగానే కాలు నేలకేసి కొట్టేవాడు. అవి ఎగిరిపడితే భుజాలు కదిలేవి. మళ్లీ వేసేవాడు. ఒక్కరోజు కూడా చేప వేయడం మానలేదు, కాలు కొట్టడమూ మానలేదు. ఫర్వానియా ఆసుపత్రికి గదిలో ఎవరిని తీసుకెళ్లాలన్నా ఆయనే వెళ్లేవాడు. పని మానుకుని మరీ వాళ్ల పక్కన కూర్చునేవాడు. తిరిగొచ్చాక, ఆ రోగి సూదికి ఎట్లా అరిచాడో, డాక్టరమ్మ ముందు ఎట్లా వణికాడో, అన్నం తింటూ మాకు చేసి చూపించేవాడు. రోగి కూడా మాతో కూర్చుని అది చూడాల్సిందే. వాళ్లమ్మ పోయిన కబురు వచ్చి ఒకతను మంచం మీద కూర్చుని ఏడుస్తుంటే, “వంటింట్లోకి పోయి ఏడ్చుకో అబ్బీ, ఈడ డ్యూటీ చేసి వచ్చి పండుకున్నోళ్లు ఉండారు” అన్నాడు. పండుకున్నవాళ్లంతా అప్పటికే లేచి కూర్చున్నారు.

ఇన్ని చేసినా ఆయన మాటకు విలువుండేది. అబద్ధం చెప్పడని పేరు. ఆ పేరు కువైట్‌లో పుట్టి రాయచోటి దాకా పాకింది.

ఇక బొమ్మ సంగతి.

సల్వాలో ఒక కువైటీ ఇంటావిడ పారిస్ వెళ్లి పాత అచ్చుబొమ్మ ఒకటి కొనుక్కొచ్చింది. పంతొమ్మిదో శతాబ్దంలో అచ్చువేసి, చేత్తో రంగులద్దినది. ఫ్రేము కట్టించమని తన డ్రైవరు చేత ఈ దుకాణానికి పంపింది. ఆ డ్రైవరు పేరు ఓబులేసు. లక్కిరెడ్డిపల్లె వైపువాడు. ముప్పై దాటాయి, పెళ్లి కాలేదు. బొమ్మను చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద పట్టుకుని దుకాణంలోకి వచ్చాడట. ఆవిడ ఎంచుకున్న బంగారు రంగు ఫ్రేము బొమ్మకంటే కాస్త చిన్నది. పెద్దది చేయించాలంటే వారం పడుతుంది. ఆయన బొటనవేలి గోరుతో అంచు కొలిచి, బ్లేడు తీసి, కింద ఉన్న తెల్లటి పట్టీని కోసేశాడు. బొమ్మ పేరు, గీసినవాడి పేరు, అచ్చువేసిన ఊరి పేరు అన్నీ ఆ పట్టీలోనే ఉన్నాయి. ఎడమ పక్కన కూడా కొంచెం తీశాడు. అచ్చం సరిపోయింది.

ఆవిడ వచ్చి చూసింది. అరబ్బీలో ఏదో అని, చేతులు దులుపుకుని, ఖలాస్, ఇక అయిపోయింది అని వెళ్లిపోయింది. పేరు లేని అచ్చుబొమ్మకు విలువ ఉండదని, కోసింది కాగితాన్ని కాదు ధరనని ఆయనకు తర్వాత తెలిసింది. తెలిసినా ఏమీ పట్టించుకోలేదు. దుకాణం యజమాని అడిగితే, “కారులో తెచ్చేటప్పుడు డ్రైవరు అంచులు నలిపేసినాడు, అందుకే కోయాల్సి వచ్చె” అని చెప్పాడు. అబద్ధం చెప్పని మనిషి అది మాత్రం చెప్పాడు. ఆ మాట సల్వా చేరింది. పనివాళ్లంతా ‘మామా’ అని పిలిచే ఆ ఇంటావిడ ఓబులేసును ఇంటిల్లిపాది ముందు గాడిదని తిట్టింది. చాలా శుక్రవారాలు సెలవు ఇవ్వలేదు.

సెలవు దొరికిన మొదటి శుక్రవారం ఓబులేసు దుకాణానికి వచ్చి ఆయన్ని నిలదీశాడు.

“నేనేం నలిపినానన్నా? నీ ముందరే కదా సాపుగా పరిచి పెట్టింది?”

“నిన్ను చెప్పకుంటే నన్ను చెప్పాల్సొస్తాది. నీకైతే తిట్టేదానికి మామా ఉంది. నాకు ఇంటికి పంపేదానికి వీసా ఇచ్చిన కఫీల్ ఉండాడు. రెండిట్లో ఏది తేలిక, నువ్వే చెప్పు” అన్నాడు ఆయన. ఆ తర్వాత, “మన పక్కోడివి. ఆ ఇంట్లో తెలుగు మాట్లాడే గోడ కూడా లేదు నీకు. శుక్రవారాలు మా గదికి రా” అన్నాడు.

ఓబులేసు వచ్చాడు. తనకు చెడు చేసినవాడి గదికే, అది కూడా మాంసం పట్టుకుని వచ్చాడు. ఆ ఇంట్లో అతనితో మాట్లాడే తెలుగువాడు లేడన్నది నిజం.

పారేయమని యజమాని చెప్పిన బొమ్మను ఆయన గదికి తెచ్చి, తన మంచం పైన గోడకు మేకులు కొట్టి తగిలించాడు. ఫ్రేము లేదు, అద్దం లేదు. పారిస్‌లో ఒక పెద్ద వీధి. నడిమధ్య రెండంతస్తుల గుర్రాల బస్సు. దాని పైఅంతస్తులో వీపులు ఆనించుకుని కూర్చున్న మనుషులు. ఒక పొడుగు టోపీ పెద్దమనిషి. బురద అంటకుండా గౌను ఎత్తిపట్టుకున్న ఆడమనిషి. వీపున గంప, చేతిలో కొంకి కర్రతో చెత్త ఏరుకునేవాడు. పూలు అమ్మే ముసలమ్మ. దీపస్తంభానికి ఆనుకుని పేపరు చదువుతున్న ఒకడు. బస్సు వెనకాల చెయ్యెత్తి పరుగెత్తుతున్న ఒక బక్కమనిషి. వాడి నోరు తెరిచే ఉంది. బస్సులో ఒక్కరు కూడా వెనక్కి తిరిగి చూడటం లేదు.

“పేర్లన్నీ కోసేసినా. ఇంక మనమే పెట్టుకోవాల” అన్నాడు ఆయన.

అట్లా మొదలైంది. మాలో ఒక్కొక్కరినీ ఆ వీధిలో ఎక్కడో ఒకచోట నిలబెట్టాడు. కడప నుంచి వచ్చిన దర్జీ సలీమ్‌కు పొడుగు టోపీ ఇచ్చాడు. సలీమ్ ఆయన చొక్కాలు ఊరికే కుట్టిపెట్టేవాడు. ఆసుపత్రిలో నేలలు తుడిచే ఒక పులివెందుల మనిషికి గంప ఇచ్చాడు. ఆ రోజు నుంచి అతని పేరు గంప. నాకు దీపస్తంభం. “ఈ గుంపులో అందరికీ ఏదో ఒక పనుండాది పేపరోడా, నీకు తప్ప. నువ్వు చదువుకుంటా నిలబడు” అన్నాడు. నేను అప్పట్లో కువైట్‌లోనే ఒక పత్రికలో పేజీలు కూర్చేవాణ్ని.

ఓబులేసు వంతు వచ్చింది. ఆయన ఒక కన్ను మూసి చూశాడు.

“నువ్వు ఇదిగో వీడు” అని నల్ల గోరు బస్సు వెనక పరుగెత్తేవాడి మీద పెట్టాడు.

“నేనా? నేను బండి తోలేవాణ్ని కదన్నా. పోనీ ఆ గుర్రాల కాడ కూర్చున్నోణ్ని ఇయ్యి.”

“బండి నీదా? మామా లోపల కూర్చుంటాది, నువ్వు తోల్తావు. దిగమంటే దిగుతావు. ఉరకడమే నీ పని. ఉరుకు.”

గదంతా నవ్వింది. ఓబులేసు కూడా నవ్వాడు. కొత్తవాడు కదా, నవ్వితే కలుపుకుంటారనుకున్నాడు.

ఇంతవరకే అయితే గదిలో గడిచిపోయే ఎగతాళి. కానీ ఆ వైపు ఒక పద్ధతి ఉంది. కువైట్‌లో ఉన్న పిల్లవాడికి పిల్లను ఇవ్వాలనుకుంటే పిల్లవాణ్ని అడగరు. అతని గదిలో పెద్దవాడెవరో కనుక్కుని ఆయనకు ఫోను చేస్తారు. తాగుతాడా, అక్కడ ఉండటానికిచ్చే ఇఖామా కాగితం సక్రమంగా ఉందా, డ్రైవరని చెప్పి ఎడారిలో గొర్రెలు కాస్తున్నాడా, ఇక్కడ ఇంకో సంసారం ఏమైనా ఉందా, అన్నీ ఆయన్నే అడుగుతారు. పిల్లవాడు మధ్యలో మాట్లాడకూడదు. పక్కన ఉన్నట్టు కూడా తెలియకూడదు. వినపడితే, నేర్పించి చెప్పిస్తున్నాడని సంబంధం వదులుకుంటారు. మా గదికి పెద్ద ఆయనే. ఓబులేసుకు కూడా ఆయనే. సల్వా ఇంట్లో అతని గురించి చెప్పే తెలుగు నోరు మరొకటి లేదు.

ఆ ఫోన్లు శుక్రవారం మధ్యాహ్నం వచ్చేవి. ఆయన స్పీకరు పెట్టేవాడు. మమ్మల్నందరినీ చుట్టూ కూర్చోబెట్టేవాడు. పిల్లవాడు టీ కలిపి అందరికీ పోయాలి. ఆయన ఫోను చేతిలో పట్టుకుని లేచి, గోడ ముందు నిలబడి, బొమ్మలో ఆ పిల్లవాడికి తానిచ్చిన మనిషి మీద గోరు పెట్టి, ఆ బొమ్మనే చూస్తూ జవాబు చెప్పేవాడు.

“నేను ఉన్నదే చెప్తా. లేనిది చెప్పను” అనేవాడు.

సలీమ్ సంబంధం అట్లాగే కుదిరింది. “పిల్లోడు నిటారుగా ఉంటాడు. బూటుకు మట్టి అంటనీడు. పక్కన ఆడమనిషి పోతాంటే తల తిప్పి చూడడు. నలుగురిలో నిలబడితే వీడే పెద్దమనిషి అనుకుంటారు” అని టోపీవాడిని చూస్తూ చెప్పాడు. అవతల వాళ్లకు పారిస్ తెలియదు, బొమ్మ తెలియదు. ఎవరో పెద్దాయన ఆగి ఆగి, చూసి చూసి నిజం చెబుతున్నాడని మాత్రం తెలిసేది. సలీమ్ పెళ్లి చేసుకుని వచ్చి ఆయనకు వాచీ ఇచ్చాడు.

ఓబులేసుకు వచ్చిన మొదటి రెండు సంబంధాలు పరుగెత్తేవాడి మీద పోయాయి. “ఉరుకుతాంటాడు. ఎందుకంటే ఏం చెప్తాను? ముందర ఏదో పోతాంది, దాని ఎనక ఉరుకుతాండాడు. అందిందా అంటే ఇంకా అందలా” అన్నాడు. అవతల ఆడమనిషి ఎవరో, “అప్పులోళ్లు తరుముతాండారేమో అడుగుబ్బా” అని గుసగుసలాడటం మాకందరికీ వినపడింది. ఓబులేసు టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డాడు.

మూడో సంబంధం వచ్చేసరికి అతను బాగా మారాడు. పిల్ల అంగన్‌వాడీలో పనిచేస్తుంది. ఫోటో తెప్పించుకున్నాడు. డాష్‌బోర్డు కింద పెట్టుకుని, మామా కారు దిగగానే తీసి చూసుకునేవాడట. ఆ పిల్ల మేనమామ వచ్చే శుక్రవారం ఫోను చేస్తాడని కబురొచ్చింది. చేతిలో ఇంకో కువైట్ పిల్లవాడి సంబంధం కూడా ఉందని, ఇద్దరిలో ఎవరో ఆ రోజే తేల్చుకుంటామని చెప్పి పంపారు. ఇది కూడా పోతే ఇక ఎవరూ అడగరని ఓబులేసుకు తెలుసు. రెండు పోయిన పిల్లవాడి గురించి ఊళ్లో ముందే అనుకుంటారు.

ఆ ముందటి శుక్రవారం ఓబులేసు వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

“అన్నా, నన్ను బస్సులో ఎక్కించన్నా.”

“ఏంది?”

“బస్సు పైన ఒక సీటు ఖాళీగా ఉండాది. నేను చూసినా. ఆ చివర, గొడుగు మనిషి పక్కన.”

నిజంగానే ఉంది. ఇంతకాలం ఆ బొమ్మ కింద బతికిన మేమెవ్వరం చూడలేదు. ఆయన మంచం మీద నుంచి లేచి, కళ్లజోడు పెట్టుకుని, దగ్గరగా చూశాడు.

“ఉండాదిరోయ్” అన్నాడు. “అయితే ఉరికేటోడు ఎవరు? రోడ్డు ఖాళీ అయిపోదూ?”

“ఎవరినన్నా పెట్టుకో అన్నా. నీకు దండం పెడతా.”

“పెట్టు మరి.”

ఓబులేసు పెట్టాడు. ముప్పై దాటిన మనిషి, సల్వా రోడ్ల మీద పెద్ద బండి తోలేవాడు, ఒక కాగితం మీది బస్సులో సీటు కోసం మా అందరి ముందూ చేతులు జోడించాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన భుజాలు మాత్రం కదిలాయి.

“సరే, ఎక్కు. యల్లా, కానియ్” అన్నాడు. “కాళ్లు పట్టు ముందు.”

ఆ సాయంత్రమంతా ఓబులేసు ఆయన కాళ్లు పట్టాడు. ఆయన బట్టలు ఉతికాడు. తర్వాతి శుక్రవారం పొట్టేలు మాంసం తెచ్చి, తానే మసాలా నూరి కూర వండాడు. భోజనాలు మొదలుపెట్టబోతుండగా ఫోను మోగింది. ఆయన స్పీకరు పెట్టి గోడ ముందుకు వెళ్లాడు. గోరు బస్సు పైఅంతస్తుకు చేరింది. ఓబులేసు గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిపోయాడు.

“పిల్లోడు ఎట్లాంటోడన్నా? నీ మాట మీదే ఉండాం మేము” అన్నాడు మేనమామ.

“పైన కూర్చోనుండాడు” అన్నాడు ఆయన. “బాగా కుదురుగా కూర్చున్నాడు. ఎవరి జోలికీ పోడు. చల్లగాలి తగుల్తాంది, నలుగురితో పాటు పోతాండాడు.”

“అంటే స్థిరపడినాడంటావు.”

“ఆఁ. సీటు దొరికింది.”

“సంతోషం అన్నా. మాకు కావాల్సింది అదే. అయితే ఇంక మేము...”

ఓబులేసు ముఖం వెలిగింది. నేను అతని ముఖాన్ని అట్లా మరెప్పుడూ చూడలేదు. ఆయన కూడా తల తిప్పి ఆ ముఖం చూశాడు. చూడకుండా ఉంటే మాట అక్కడితో అయిపోయేది.

“కాకపోతే” అన్నాడు ఆయన, “ఎవరన్నా వచ్చి దించేస్తారేమోనని ఎనక్కి ఎనక్కి చూస్తా ఉంటాడు.”

గది పగిలినట్టు నవ్వింది. సలీమ్ నవ్వాడు. గంప నవ్వు ఆపుకోలేక దిండులో తల పెట్టాడు. ఆ మాటలో ఏముందో మేనమామకు అర్థమయ్యే వీలు లేదు. పిల్లవాడి గురించి చెబుతుంటే ఆరుగురు మగవాళ్లు ఒక్కసారిగా నవ్వడం మాత్రం వినపడింది.

“ఏందన్నా, అందరూ నవ్వుతాండారు?” అన్నాడు. ఫోను పెట్టేశాడు.

ఓబులేసు గరిటె కింద పెట్టి వచ్చాడు. నంబరు కోసం ఆయన చేతిలో ఫోను లాక్కుని, పద్ధతి తప్పి, తానే చేశాడు.

“మామా, నేను ఓబులేసును. పెండ్లికొడుకును. వాళ్లు ఊరికే నవ్వినారు మామా. నేను తాగను, నాకు అప్పుల్లేవు...”

“నువ్వెందుకు మాట్లాడతాండావప్పా?” అన్నాడు మేనమామ. గొంతులో కోపం లేదు, ఇబ్బంది ఉంది. “పెద్దాయనకియ్యి ఫోను. ఆయన్నే ఇంకొక్క మాట చెప్పమను, చాలు.”

ఓబులేసు ఫోను చాచాడు. అప్పటికి ఆయన కంచం ముందు కూర్చుని ముద్ద కలిపాడు. కుడిచేయి ఎత్తి చూపించాడు. వేళ్లకు కూర, అన్నం.

“ఎంగిలి చెయ్యి. తిని చేస్తానని చెప్పు.”

“తింటాండాడు మామా. తిని చేస్తాడంట” అన్నాడు ఓబులేసు.

ఆయన తిన్నాడు. ఎముకలోని మూలుగ దాకా పీల్చి తిన్నాడు. కూర చాలా బాగుందన్నాడు. పెరుగు వేసుకున్నాడు. చేయి కడుక్కుని, పళ్లు కుట్టుకుని, మంచం ఎక్కి గోడవైపు తిరిగాడు. ఓబులేసు ఫోను పట్టుకుని మంచం పక్కనే నిలబడ్డాడు. “అన్నా” అన్నాడు ఒకసారి. “కునుకు తీసి చేస్తాలే, కడుపు నిండింది” అన్నాడు ఆయన. కాసేపటికి గురక వచ్చింది. అది నిజమైన గురకే. ఆయన నిద్ర నటించేవాడు కాదు.

లేచేసరికి ఎండ తగ్గింది. ఆయనే ఫోను అడిగి తీసుకున్నాడు, ఆయనే నంబరు నొక్కాడు. మేనమామ ఎత్తాడు. ఇంకో పిల్లవాడి గదిలో పెద్దాయన మొదటిసారికే ఫోను ఎత్తి మంచిగా చెప్పాడని, వాళ్లకు మాట ఇచ్చేశామని, ఏమీ అనుకోవద్దని అన్నాడు. చాలా మర్యాదగా చెప్పాడు.

ఆయన ఫోను పెట్టి ఓబులేసును చూశాడు.

“మంచి మాట చెప్దామనే లేచినాను అబ్బీ” అన్నాడు.

నిజమేమో. ఆయన్ని ఎరిగినవాణ్నిగా, నిజమేనని అనుకుంటాను. మంచి మాట చెప్పాలన్న బుద్ధి ఆయనకు మధ్య మధ్య కలిగేది. అది కలిగే వేళకు పని అయిపోయి ఉండేది. దానికి ఆయన ఎప్పుడూ బాధపడినట్టు చూడలేదు. రైలు వెళ్లిపోయాక స్టేషనుకు వచ్చి, ప్లాట్‌ఫారం ఖాళీగా బాగుందనుకునే మనుషులుంటారు. ఆయన ఆ రకం.

ఓబులేసు మంచం ఎక్కి నిలబడ్డాడు. ఆయన దుకాణం నుంచి తెచ్చుకుని అలమరలో పెట్టుకునే బ్లేడు అతని చేతిలో ఉంది. మేము ఏదో అవుతుందని భయపడ్డాం. అతను ఆయన వైపు చూడనైనా లేదు. బొమ్మ మీదకు వంగి, బస్సు వెనక పరుగెత్తేవాణ్ని చుట్టూ జాగ్రత్తగా కోసి తీశాడు. ఎత్తిన చెయ్యి, తెరిచిన నోరు, గాల్లో ఉన్న కాలు, ఒక్కటీ చెడకుండా తీశాడు. నలిపి కిటికీలోంచి పారేశాడు. తర్వాత బస్సు చివర ఉన్న ఖాళీ సీటును కూడా కోసి తీశాడు. రెండు చోట్లా గోడ సున్నం కనపడింది.

ఆయన ఒక కన్ను మూసి, ఆ రెండు కంతలనూ చూశాడు.

“బాగా కోసినావు. చెయ్యి తిరిగింది” అన్నాడు. తర్వాత, “ఇప్పుడు నువ్వు యాడా లేవు కదరా” అన్నాడు.

ఓబులేసు ఆ తర్వాత కొంతకాలం రాలేదు. సల్వా ఇంట్లో, గ్యారేజీ పక్కనున్న డ్రైవరు గదిలో శుక్రవారాలు గడిపాడు. కొన్ని వారాలకు మళ్లీ వచ్చాడు. మాంసం పట్టుకుని వచ్చాడు. ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు, ఎందుకొచ్చాడో అందరికీ తెలుసు. ఆ ఇంట్లో రోజంతా అరబ్బీ, హిందీ. వారానికి ఒక్కరోజైనా తెలుగులో తిట్టించుకోవచ్చు. ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు. ఆయన కొత్తగా వచ్చినవాళ్లకు బొమ్మలో చోట్లు ఇస్తూనే ఉన్నాడు. కంతలున్న చోట గోరు ఆగేది కాదు.

చలికాలం వచ్చింది. ఒక శుక్రవారం నేను పేపరు చదువుకుంటున్నాను. ఓబులేసు వంటింట్లో ఉల్లిపాయలు వేయిస్తున్నాడు. ఆయనకు ఫోను వచ్చింది. అలవాటు చొప్పున స్పీకరు పెట్టాడు.

“అన్నా, మాది సుండుపల్లె పక్క” అన్నాడు ఎవరో ముసలాయన. “మా మనవరాలికి ఒక పిల్లోణ్ని చూస్తాండాం. మొగుడు పోయిన పిల్ల, బిడ్డలు లేరు. ఈ పిల్లోనికి కొంచెం వయసైందన్నారు, మాకు పర్వాలేదు. సల్వాలో డ్రైవరంట. పేరు ఓబులేసు. మీ గదోడే అన్నారు. నువ్వు సరే అంటే మాకు ఇంకేం అడిగేది లేదు.”

వంటింట్లో ఉల్లిపాయల చప్పుడొక్కటే వినపడుతోంది. గరిటె ఆగిపోయింది.

ఆయన లేచి గోడ దగ్గరికి వెళ్లాడు. గోరు బస్సు వెనకాలకు తీసుకెళ్లాడు. అక్కడ కంత. బస్సు పైకి తీసుకెళ్లాడు. అక్కడా కంత. పెద్దాయన అవతల ఓపిగ్గా ఎదురుచూస్తున్నాడు. ఆయన వీధి అంతా ఒకసారి వెతికాడు, ఆ చివర నుంచి ఈ చివరకు, నిజంగా వెతుకుతున్నట్టు. మా వైపు తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి.

“ఓబులేసా?” అన్నాడు. “ఆ పేరుతో మా గదిలో ఎవరూ లేరు పెద్దాయనా.”

“లేడా? మాకు ఈ నంబరే ఇచ్చినారే.”

“లేడు. ఉంటే చెప్పనా? నేను ఉన్నదే చెప్తా.”

“ఉన్నా!” అని వంటింట్లోంచి ఓబులేసు అరిచాడు. “ఈడే ఉన్నా తాతా! నేనే ఓబులేసును! ఈడే ఉన్నా!”

అతని గొంతు అంత పెద్దదని మాకెవరికీ తెలియదు.

“ఎవరప్పా ఆ అరిచేది?” అన్నాడు పెద్దాయన.

ఆయన ఫోను నోటికి కొంచెం దగ్గరగా పెట్టుకున్నాడు.

“టీవీలే” అన్నాడు.

“అట్లనా. సరే అన్నా, ఎవరో తప్పు చెప్పినట్టుండారు. నీకు శ్రమ ఇచ్చినాను” అని పెద్దాయన పెట్టేశాడు.

ఓబులేసు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో గరిటె ఉంది, దాని నుంచి నూనె చొక్కా మీద కారుతోంది. అతను మా ఒక్కొక్కరి ముఖంలోకీ చూశాడు, ఎవరో ఒకరు ఏదో అంటారని. సలీమ్ వాచీ చూసుకున్నాడు. నేను పేజీ తిప్పాను.

ఆయన మంచం మీద కూర్చుని కాళ్లు చాపుకున్నాడు. గాలి పీల్చి ముక్కు చిట్లించాడు.

“ఉల్లిగడ్డలు మాడతాండాయి, పోయి చూడు” అన్నాడు.

ఓబులేసు లోపలికి వెళ్లి మంట తగ్గించాడు.